బడికి సున్నా డాలర్లు

వర్జీనియాలో స్థిరపడిన తెలుగు తల్లిదండ్రులందరికీ నమస్కారం. ఇల్లు కొనేటప్పుడు మనం వాస్తు చూస్తాం. అంతకన్నా ముందు స్కూలు రేటింగు చూస్తాం. ఆ రేటింగు వెనక ఉన్న డబ్బు సంగతి చెబుదామని వచ్చాను. అది మన రాష్ట్రంలోనే, ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీలోని ఫార్మ్‌విల్ అనే చిన్న ఊళ్లో బాగా తెలుస్తుంది.

అక్కడ నల్లజాతి పిల్లల కోసం 1939లో మోటన్ హైస్కూలు కట్టారు. 180 మందికి సరిపోయే భవనం. 1951 నాటికి 450 మందికి పైగా చదువుతున్నారు. కొత్త భవనం కట్టమని తల్లిదండ్రులు అడుగుతూనే ఉన్నారు. స్కూలు బోర్డు మాత్రం ఆవరణలో చెక్క షెడ్లు లేపి, తారు కాగితం కప్పి సరిపెట్టింది. వానొస్తే కప్పు కారేది. పొయ్యి పక్కన కూర్చున్నవాళ్లకు ఉక్క, దూరంగా కూర్చున్నవాళ్లకు వణుకు. అదే ఊళ్లో తెల్లపిల్లల హైస్కూలుకు జిమ్ము, భోజనశాల ఉన్నాయి.

ఆ ఏడాది ఏప్రిల్ 23న బార్బరా జాన్స్ అనే పదహారేళ్ల అమ్మాయి, ఆమె స్నేహితులు కలిసి ఒక దొంగ ఫోన్‌కాల్‌తో ప్రిన్సిపాల్‌ను బడి దాటించారు. ఆయన పేరుతో చీటీలు పంపి అందరినీ హాల్లోకి రప్పించి సమ్మె ప్రకటించారు. (చీటీల సంగతి మీ పిల్లలకు చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం.)

వాళ్లు అడిగింది మంచి భవనం. సాయానికి వచ్చిన ఎన్‌ఏఏసీపీ (నల్లజాతివారి హక్కుల కోసం పోరాడే సంస్థ) న్యాయవాదులు ఆలివర్ హిల్, స్పాట్స్‌వుడ్ రాబిన్సన్ ఒక షరతు పెట్టారు. నల్లపిల్లలకు ఇంకో మంచి బడి కోసమైతే మేము రాము, వేరు బడుల పద్ధతే రద్దు కావాలంటే వాదిస్తాం అన్నారు. ఒప్పుకోవలసింది తల్లిదండ్రులు. చాలామందికి కూలి ఇచ్చేదీ అప్పు ఇచ్చేదీ తెల్లవారే. పాస్టర్ గ్రిఫిన్ తన చర్చిలో సభ పెట్టాడు, వాదోపవాదాలు జరిగాయి, ఒప్పుకున్నారు. ఈ కథలో నాకు అన్నిటికన్నా పెద్ద ఘట్టం ఇదే. 117 మంది విద్యార్థుల తరఫున వేసిన ఆ కేసు మరో నాలుగింటితో కలిసి 1954 మే 17న, జాతిని బట్టి వేరు బడులు రాజ్యాంగ విరుద్ధమన్న సుప్రీంకోర్టు బ్రౌన్ తీర్పుగా వెలువడింది.

తీర్పు వచ్చింది గాని బడి రాలేదు. ఇక కలిపి చదివించక తప్పదని తేలిన 1959లో కౌంటీ పాలకులు పెద్ద ప్రకటనలేమీ చేయనక్కర్లేకపోయింది. బడ్జెట్‌లో బడులకు డబ్బు పెట్టలేదు, అంతే. ప్రభుత్వ బడులన్నీ ఐదేళ్లు మూతబడ్డాయి. తెల్లపిల్లలకు ప్రైవేటు అకాడమీ వెలిసింది, దానికి ప్రజల పన్నుల నుంచే సాయం అందింది. నల్లపిల్లల్లో కొందరు చర్చి గదుల్లో నాలుగక్షరాలు నేర్చుకున్నారు, కొందరు బంధువుల ఊళ్లకు వెళ్లారు, కొందరికి చదువు అక్కడితో ఆగిపోయింది. పన్ను వేసి బడులు తెరవమని ఆదేశించే అధికారం కోర్టుకు ఉందని 1964లో సుప్రీంకోర్టు చెప్పాక గాని తలుపులు తెరుచుకోలేదు.

ఇప్పుడు ఎవరూ సున్నా రాయరు. ఆస్తి పన్ను ఆ పని చూసుకుంటుంది. ఖరీదైన ఇళ్లున్న చోట బడికి ఎక్కువ డబ్బు వస్తుంది. ఈ తేడా రాజ్యాంగ విరుద్ధం కాదని 1973లో సుప్రీంకోర్టు 5–4తో తేల్చింది. ఆ ఇళ్లు ఎవరికి అమ్మాలో, ఎవరికి అప్పివ్వాలో దశాబ్దాలపాటు రంగు చూసే నిర్ణయించారు. మనం 1965 వలస చట్టం తర్వాత వచ్చినవాళ్లం, ఆ పాపం మనది కాదంటారు. నిజమే. కానీ ఆ ఇంటి ధరలోని లాభం మాత్రం మనం వద్దనలేదు.

మాగ్నెట్ స్కూలు (ప్రతిభ చూసి ఎంపిక చేసుకునే ప్రత్యేక ప్రభుత్వ బడి) ప్రవేశాలు మారతాయంటే బోర్డు సమావేశానికి పరుగెత్తుతాం. కౌంటీ ఆ చివర బడిలో కెమిస్ట్రీ టీచరు లేరంటే ఎందరం వెళ్తాం? కౌంటీ ఆర్థిక సంవత్సరం జూలై 1న మొదలవుతుంది, కాబట్టి బడ్జెట్ విచారణలు అంతకు ముందే ముగుస్తాయి. ఈసారి మీ పిల్లలు చదవని బడి ఒకటి ఎంచుకోండి. అక్కడి తల్లిదండ్రులను ముందు కలవండి. వాళ్లు కౌన్సెలరు కావాలంటే కౌన్సెలరు, బస్సు కావాలంటే బస్సు, అదే అడుగుదాం. మనకు తోచింది కాదు. రాగలిగినవాళ్లు ఆ బల్ల దగ్గర పేరు రాసి వెళ్లండి.