పొద్దున్నే మొరాయించే స్కిడ్ స్టీర్, ఒక క్లాంప్ మీటర్

అందరికీ నమస్కారం. ముందే చెప్పేస్తున్నా, ఈ డీసీ క్లాంప్ మీటర్‌ని (వైరు కోయకుండా, దాని చుట్టూ పట్టుకుని అందులో పారే బ్యాటరీ కరెంట్ ఎంతో చెప్పే మీటర్) కంపెనీవాళ్లే ఉచితంగా పంపారు. రివ్యూ అయ్యాక తిరిగి పంపాలి. స్పెక్స్ మీరు ఎక్కడో చూసే ఉంటారు, అవి నేను చదవను. నా స్కిడ్ స్టీర్ లోడర్ (మట్టీ గిట్టీ ఎత్తిపోసే చిన్న బండి) మీద ఇది ఏం చేసిందో చెప్తా.

నాది నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజన్. చలి మొదలైనప్పటి నుంచి పొద్దున్నే సెల్ఫ్ కొడితే తిరుగుతూనే ఉంటుంది, తెల్లపొగ కక్కుతుంది, అందుకోదు. ఎండెక్కాక అదే బండి ఠక్కున స్టార్ట్! బ్యాటరీ మార్చా. డీజిల్ ఫిల్టర్ మార్చా. రెండూ దండగే. తెల్లపొగ వస్తోందంటే డీజిల్ లోపలికి వెళ్తోంది, మండట్లేదంతే. పొగే రాకపోతే కదా ఫిల్టర్‌లో మైనం పేరుకుందా, ఫ్యూయల్ సోలినాయిడ్ (కీ తిప్పితే డీజిల్ దారి తెరిచే కరెంట్ వాల్వ్) లాగుతోందా అని చూడాల్సింది! ఈ సంగతి నాకు ఫిల్టర్ బిగించేశాక గుర్తొచ్చింది.

ఇక మిగిలింది గ్లో ప్లగ్‌లు, అంటే చలిలో డీజిల్ అంటుకునేలా ఇంజన్ లోపల కరెంట్‌తో వేడెక్కేవి. వాటికి వెళ్లే లావు వైరుని ఈ మీటర్ నోట్లో పెట్టి కీ తిప్పా. మొదట అంకె పైకి వెళ్తుంది, ప్లగ్‌లు వేడెక్కేకొద్దీ దిగుతుంది, అది మామూలే. నా ఇంజన్‌లో ఒక్కో ప్లగ్‌కి సుమారు 10 ఆంప్స్, అంటే 40 దగ్గర ఆగాలి. 19 దగ్గర ఆగింది. పానా పట్టకుండానే తెలిసిపోయింది, రెండు పోయాయని! తర్వాత పైన పట్టీ విప్పి ఒక్కోదాన్నీ ఓమ్స్‌లో చూశా. రెండు 1 ఓమ్ లోపు, మిగతా రెండిట్లో అసలు కనెక్షనే లేదు.

ఇందులో నాకు బాగా నచ్చింది జీరో బటన్. డీసీ కొలిచేటప్పుడు వైరు పెట్టకముందే మీటర్ ఏదో ఒక అంకె చూపిస్తుంటుంది, ఒక్క నొక్కుతో సున్నా అయిపోతుంది. ఇంతకుముందు నా దగ్గరున్న క్లాంప్ మీటర్ ఏసీ మాత్రమే కొలిచేది. అది తెలియక దాన్ని బ్యాటరీ వైరుకి తగిలించి, సున్నా చూసి, బంగారంలాంటి రిలేని (కరెంట్ కలిపే స్విచ్) పీకేశా. నవ్వకండి.

చిరాకు మాటకొస్తే, బ్యాక్‌లైట్. స్కిడ్ స్టీర్‌కి ఇంజన్ వెనకాల ఇరుకులో ఉంటుంది. తెల్లవారుజామున తల దూర్చి చూస్తుంటే లైట్ దానంతటదే ఆరిపోతుంది. మళ్లీ నొక్కు, మళ్లీ ఆరు. ఎవడు పెట్టాడో ఆ టైమర్!

ఇంకో మాట. ఈ బండ్లలో హైడ్రాలిక్ పంపులు ఇంజన్‌కే తగిలించి ఉంటాయి, చిక్కబడిన ఆయిల్‌తో సహా వాటినీ సెల్ఫే తిప్పాలి. అటాచ్‌మెంట్‌కి ఆయిల్ వెళ్లే కంట్రోల్ రాత్రి ఆన్‌లో మర్చిపోతే పొద్దున ఇంజన్ బరువుగా తిరుగుతుంది. కంగారుపడి ఈథర్ స్ప్రే (ఇంజన్ త్వరగా అందుకోవడానికి గాలి దారిలో కొట్టేది) మాత్రం కొట్టొద్దు, ఎర్రగా కాలిన గ్లో ప్లగ్‌కి అది తగిలితే పిస్టన్‌కే ముప్పు.

నాలుగు ప్లగ్‌లూ కొత్తవి వేశా, ఇవాళ పొద్దున రెండు సెకన్లలో అందుకుంది. బ్యాక్‌లైట్‌ని తిట్టుకుంటూనే చెప్తున్నా, మీటర్ మాత్రం కొనచ్చు. తిరిగి పంపమని వాళ్లు రెండుసార్లు మెయిల్ పెట్టారు. ఇంకో బండి చూడాలి, అది అయ్యాక పంపుతా.