కొత్త స్టీరియో, మూగబోయిన రేడియో

అధ్యక్షులకు, కార్ల యజమానులకు, డ్రైవరు సోదరులకు, దుకాణాలు ఒక పూట మూసుకుని వచ్చిన ఆటో ఎలక్ట్రీషియన్ మిత్రులకు నమస్కారం.

కంపెనీ బిగించిన స్టీరియో తీసేసి పెద్ద తెర ఉన్నది పెట్టించుకున్న కార్లలో ఫోను పాటలు చక్కగా మోగుతాయి, రేడియో మాత్రం గరగరలాడుతుంది. అడిగితే "మన కోనసీమ పల్లపు నేల, పైగా కొబ్బరి తోటలు, స్టేషన్లు చూస్తే దూరం" అని సరిపెట్టుకుంటాం. అందులో కొంత నిజం లేకపోలేదు. ఎఫ్ఎం తరంగాలు ఇంచుమించు చూపు ఆనినంత మేరే సాగుతాయి కనుక స్టేషను టవరు నుంచి దూరం జరిగేకొద్దీ బలం తగ్గుతుంది. అయితే అదే కారులో, అదే రోడ్డు మీద పాత స్టీరియోకు పలికిన స్టేషను కొత్తదానికి పలకనప్పుడు కొబ్బరిచెట్టును ఆడిపోసుకోవడం న్యాయం కాదు.

నా కారుకూ ఇదే జరిగింది. రావులపాలెం దాటి అమలాపురం దారి పట్టగానే రేడియో చచ్చిపోయేది. నేనూ తెలివితక్కువగా ముందు పైకప్పు మీది యాంటెన్నానే మార్పించాను. డబ్బు పోయింది, గరగర పోలేదు. చివరికి ఒక ఆదివారం స్టీరియో బయటకు లాగి చూస్తే, దాని వెనుక నీలం తీగ ఒకటి కొసకు టేపు చుట్టుకుని ఊరికే వేలాడుతోంది. బిగించిన కుర్రవాడు అది అక్కరలేదనుకున్నాడు.

ఆ తీగ ఎందుకో చెబుతాను. మన దేశంలో ఎఫ్ఎం 88 నుంచి 108 మెగాహెర్ట్జ్ వరకు ఉంటుంది. ఆ మధ్యలో 98 దగ్గర తరంగం పొడవు మూడు మీటర్లకు కాస్త పైన. అందులో నాలుగో వంతు, అంటే సుమారు 76 సెంటీమీటర్ల కడ్డీ ఉంటే అది బాగా అందుకుంటుంది. పాత కార్ల పొడుగు యాంటెన్నాలు అందుకే పొడుగ్గా ఉండేవి. ఇప్పటి జానెడు కడ్డీలకూ, సొరచేప రెక్కలాంటి వాటికీ ఆ పొడవు లేదు కాబట్టి చాలావాటిలో లోపలే, అందిన సిగ్నలును పెంచే ఒక చిన్న బూస్టరు పెడతారు. దానికి 12 వోల్టుల కరెంటు కావాలి. కంపెనీ స్టీరియో ఆ కరెంటును తానే ఇస్తుంది. దాన్ని తీసేసిన రోజే బూస్టరు తిండి ఆగిపోతుంది. ఆకలితో ఉన్న బూస్టరు ఊరికే ఉండదు, దారికి అడ్డం కూడా పడుతుంది.

మార్కెట్లో దొరికే స్టీరియోలలో సాధారణంగా నీలం తీగ యాంటెన్నాకు, తెల్ల చార ఉన్న నీలం తీగ స్పీకర్ల శబ్దం పెంచే ఆంప్లిఫయరుకు. రేడియో పెట్టి, వోల్టులు కొలిచే మల్టీమీటరు నల్ల మొన కారు బాడీ లోహానికి, ఎర్ర మొన నీలం తీగకు ఆనించండి. 12కు అటూ ఇటూ చూపిస్తే దాన్ని కారు వైపు బూస్టరు తీగకు కలపాలి. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా వంటి చాలా కార్లలో వేరే తీగ ఉండదు, యాంటెన్నా కేబులులోనే కరెంటు ఎక్కుతుంది. వాటికి కరెంటు ఎక్కించే అడాప్టరు మధ్యలో వేసి, దాని తీగను ఈ నీలం తీగకు ఇవ్వాలి. నీలం తీగే లేకపోతే తాళం తిప్పినప్పుడు మాత్రమే కరెంటు వచ్చే ఎర్ర తీగకు ఇవ్వండి గాని, ఎప్పుడూ కరెంటు ఉండే పసుపు తీగకు ఇవ్వకండి, నిలబెట్టిన కారులో బ్యాటరీ కొంచెం కొంచెంగా దిగిపోతుంది.

తప్పు స్టీరియోదో యాంటెన్నాదో తేలకపోతే, యాంటెన్నా పిన్ను లాగి ఆ రంధ్రం మధ్యలో ముప్పావు మీటరు తీగ గుచ్చి బయటకు వేలాడదీయండి. స్టేషన్లు పలికితే స్టీరియో మంచిదే.

సముద్రం దగ్గరి మిత్రులకు ఇంకొక మాట. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి యాంటెన్నా కింది రబ్బరు పగిలి నీరు చేరితే, బాడీకి తగిలే చోట తుప్పు పట్టి ఎర్తు తెగుతుంది. విప్పి, గరుకు కాగితంతో లోహం మెరిసేదాకా రుద్ది, కొత్త రబ్బరుతో బిగిస్తే చాలు. ఇక ఫోను ఛార్జరు పీకగానే గరగర ఆగిందంటే దొంగ అదే. మంచి ఛార్జరు కొనుక్కోవాలి.

ఆఖరిది పైసా ఖర్చు లేనిది, చాలామంది చూడనిది. సెట్టింగుల్లో రేడియో ప్రాంతం అమెరికా అని ఉంటే మీడియం వేవు పదేసి కిలోహెర్ట్జ్ చొప్పున గెంతుతుంది. మనకు తొమ్మిదేసి కావాలి. విజయవాడ ఆకాశవాణి 837. గెంతే స్టీరియో 830 మీదో 840 మీదో ఆగి, మాటను వంకరగా వినిపిస్తుంది. ఎఫ్ఎంలోనూ అంతే, విజయవాడ రెయిన్‌బో 102.2 కాగా అమెరికా సెట్టింగు 102.1 మీదా 102.3 మీదా ఆగుతుంది. అలాగే తెర మీద 'లోకల్' అనే గుర్తు వెలుగుతుంటే ఆపేయండి, అది దూరపు స్టేషన్లను కావాలనే వదిలేస్తుంది.

గేటు దగ్గర నా కారు ఉంది, స్టీరియో విప్పే ఉంచాను. నీలం తీగ పీకి ఒకసారి, కలిపి ఒకసారి వినిపిస్తాను, రండి.