మోసుల్‌లో గురి తప్పని బాంబు

అందరికీ నమస్కారం.

నగరాల్లో జరిగే యుద్ధాల గురించి మాట్లాడమన్నారు. అలెప్పో, మరియుపోల్, గాజా... పేర్లకు కొదవలేదు. అన్నీ చుట్టబెడితే ఏదీ చెప్పినట్టుండదు కాబట్టి ఇరాక్‌లోని మోసుల్ దగ్గరే ఆగుతాను.

2014 జూన్‌లో ఇస్లామిక్ స్టేట్ అనే సాయుధ ముఠా ఆ నగరాన్ని ఆక్రమించింది. 2016 అక్టోబర్ 17న ఇరాక్ సైన్యం అమెరికా కూటమి విమానాల అండతో దాడి మొదలుపెట్టింది. టైగ్రిస్ నదికి తూర్పు సగం జనవరికల్లా చేతికొచ్చింది. ఫిబ్రవరిలో పడమర వైపు దిగాక తెలిసింది అసలు కష్టం. అటువైపే పాత నగరం ఉంది. సాయుధ వాహనాలు దూరని సందులు, గోడకు గోడ ఆనుకున్న ఇళ్లు. నడిచి వెళ్లే సైనికుడికి ప్రతి మేడా ప్రమాదమే. అందుకే పైనుంచి బాంబులు, దూరం నుంచి రాకెట్లు ఎక్కువయ్యాయి.

మరి జనం? ఇళ్లలోనే ఉండమని ప్రభుత్వం కరపత్రాలు జారవిడిచింది. ఇస్లామిక్ స్టేట్ వాళ్లు చుట్టుపక్కల ఊళ్ల నుంచి మనుషుల్ని తోలుకొచ్చి నగరంలో పెట్టారు, కొన్ని ఇళ్ల తలుపులకు వెల్డింగ్ చేశారు, పారిపోతున్నవాళ్లను కాల్చారు. ఇలాంటప్పుడు ఎవరైనా ఏం చేస్తారు? వీధిలో గట్టి ఇల్లు ఏదో చూసుకుని, నాలుగైదు కుటుంబాలు కలిసి కింది అంతస్తులో తలదాచుకుంటాయి. గట్టి మేడ ఇస్లామిక్ స్టేట్ స్నైపర్‌కూ, అంటే దాక్కుని దూరం నుంచి గురిచూసి కాల్చేవాడికీ కావాలి. వాడు పైకెక్కుతాడు.

2017 మార్చి 17న అల్ జదీదా పేటలో సరిగ్గా ఇదే జరిగింది. పై అంతస్తులో ఇద్దరు స్నైపర్లు. వాళ్లమీద అమెరికా విమానం దాదాపు 227 కిలోల గైడెడ్ బాంబు వేసింది. అమెరికా విచారణ ప్రకారమే కనీసం 105 మంది పౌరులు చనిపోయారు. ఇంట్లో ముందే పెట్టిన పేలుడు పదార్థాల వల్లే ఇల్లంతా కూలిందని విచారణ తేల్చింది, స్థానికులు ఒప్పుకోలేదు. ఎవరి మాట నిజమైనా, బాంబు మాత్రం గురి తప్పలేదు. మబ్బుల వల్ల రెండు రోజులుగా డ్రోన్లకు ఆ ఇల్లు సరిగా కనబడలేదట. లోపల జనం ఉన్నారని తెలియకుండానే వేశారు.

నాకు ఇక్కడే చిక్కు కనిపిస్తుంది. సైనిక లాభాన్ని మించి పౌరులకు నష్టం జరగకూడదని అంతర్జాతీయ చట్టం అంటుంది. అయితే ఆ నష్టాన్ని కమాండర్ ఆ క్షణాన తనకు తెలిసినదాన్ని బట్టే అంచనా వేస్తాడు. ముందు జాగ్రత్తలు తీసుకోవాలనీ చట్టంలో ఉంది, కాదనను. కానీ మబ్బు పట్టిన రోజున, కింద తనవాళ్లమీద కాల్పులు జరుగుతుంటే, ఆగి చూద్దామనేది ఎంతమంది? ఇస్లామిక్ స్టేట్ జనాన్ని కవచంగా వాడుకోవడం ఘోరమే, ఆ నేరం వాళ్లదే. అంతమాత్రాన అవతలివాళ్లు లెక్క చెప్పనక్కర్లేదా?

జనావాసాల్లో భారీ పేలుడు ఆయుధాలకు కళ్లెం వేస్తామంటూ 2022 నవంబర్‌లో డబ్లిన్‌లో 80కి పైగా దేశాలు ఒక ప్రకటనకు ఒప్పుకున్నాయి. అమెరికా కూడా. దానికి చట్టంలా కట్టుబడి తీరాలని లేదు, అతిక్రమిస్తే శిక్షా లేదు. అయినా చనిపోయినవాళ్లను లెక్కపెట్టాలన్న మాట అందులో చేరడం చిన్న సంగతేం కాదు.

ఎందుకంటారా? మోసుల్ పోరాటంలో 9,000 నుంచి 11,000 మంది పౌరులు చనిపోయారని అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ మార్చురీ జాబితాలు, శ్మశానాల్లో పనిచేసేవాళ్ల వివరాలు కూడగట్టి 2017 డిసెంబర్‌లో రాసింది. అందులో సుమారు మూడో వంతు ఇస్లామిక్ స్టేట్ చంపినవాళ్లే. అప్పటికి కూటమి తన ఖాతాలో వేసుకున్నవి 326. మోసుల్‌కు మనుషుల్ని పంపి విచారించే వనరులు తమకు లేవని చెప్పింది.