ఫ్లాట్ వడ్డీ: వాపసు ఇచ్చేసిన కుర్చీకి అద్దె ఎందుకు కట్టాలి?

(తెర మీద: 50 గళ్లున్న ఒక అప్పు కార్డు)

నమస్కారం. మైక్రోఫైనాన్స్ అప్పుల, అంటే తాకట్టు లేకుండా పేద మహిళల గ్రూపులకు కంపెనీలు ఇచ్చే చిన్న అప్పుల ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ నాకు ఒకే మాట ఎదురవుతోంది. "ఊళ్లో వడ్డీ వ్యాపారి మూడు రూపాయలు, ఐదు రూపాయలు గుంజుతుంటే కంపెనీవాళ్లు రూపాయి వడ్డీకే ఇచ్చారు; దాన్ని కూడా తీర్చలేకపోతే తప్పెవరిది?" ఈ ప్రశ్న అడిగేవారిలో లెక్కలు బాగా వచ్చినవాళ్లు, జీతం మీద ఇంటి రుణం తీసుకుని ఏటా వడ్డీ పట్టిక చూసుకునేవాళ్లు కూడా ఉంటారు. తమ ఇంటి రుణానికి ఒక లెక్క, వారం వారం కంతు కట్టే మహిళ అప్పుకు మరొక లెక్క వాడుతున్నామని వాళ్లకు తట్టదు. ఆ రెండో లెక్క పేరే ఫ్లాట్ వడ్డీ: అసలు తగ్గుతూ వచ్చినా మొదట తీసుకున్న మొత్తం మీదే వడ్డీ వేయడం. 2010లో ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో ఈ అప్పులు కట్టలేక కొందరు ఊళ్లు వదిలారు, కొందరు ప్రాణాలు తీసుకున్నారు; అది ఎందుకు జరిగిందో అర్థం కావాలంటే ముందు ఈ కార్డును అర్థం చేసుకోవాలి.

ఆ రోజుల్లో బాగా నడిచిన పద్ధతినే తీసుకుందాం. అప్పు 10,000 రూపాయలు. వారానికి 225 రూపాయల చొప్పున 50 వారాల కంతులు, అంటే మొత్తం 11,250. వడ్డీ 1,250 రూపాయలు, ఏడాదికి పన్నెండున్నర శాతం, అంటే మన వాడుకలో నూటికి నెలకు రూపాయి, ధర్మవడ్డీ. ఇంతవరకూ అందరికీ తెలిసిన లెక్కే కాబట్టి ఇక్కడ ఆగకుండా ఆ 225 రూపాయలను విడదీసి చూద్దాం. అందులో 200 అసలు, 25 వడ్డీ. మొదటి వారం 25, చివరి వారం కూడా 25. తేడా అంతా ఇక్కడే ఉంది.

ఒకావిడ ఊళ్లో కుట్టు శిక్షణ కేంద్రం పెట్టి, టెంట్ హౌస్ నుంచి 50 కుర్చీలు అద్దెకు తెచ్చుకుందని అనుకుందాం. కుర్చీకి వారానికి అర్ధరూపాయి అద్దె, అంటే 50 కుర్చీలకు వారానికి 25 రూపాయలు. ఒప్పందం ప్రకారం ప్రతి వారం ఆమె ఒక కుర్చీ వాపసు ఇచ్చేయాలి. మొదటి వారం ఒకటి ఇచ్చింది, ఇంట్లో 49 ఉన్నాయి. 25 వారాలు గడిచేసరికి సగం కుర్చీలు వెళ్లిపోయాయి. అయినా టెంట్ హౌస్ యజమాని ప్రతి వారం 50 కుర్చీల అద్దే వసూలు చేస్తున్నాడు. "అయ్యా, నా దగ్గర ఉన్నవి ఇరవై అయిదేగా" అని ఆమె అడిగితే, "నువ్వు తీసుకెళ్లింది యాభై కదమ్మా" అంటాడు. కుర్చీల విషయంలో ఈ సమాధానాన్ని మనలో ఒక్కరు కూడా ఒప్పుకోరు. డబ్బు విషయంలో మాత్రం దీన్నే రూపాయి వడ్డీ అని పిలుస్తాం.

ఒక్కో కుర్చీని 200 రూపాయలు అనుకుని అప్పు కార్డులోకి తిరిగి వద్దాం. మొదటి వారం ఆమె చేతిలో 10,000 ఉన్నాయి, 25 రూపాయల వడ్డీ కట్టింది. అది నూటికి నెలకు రూపాయి, ఆ పైన కొన్ని పైసలు. ఇరవై ఆరో వారంలో ఆమె దగ్గర మిగిలింది 5,000, కట్టిన వడ్డీ అదే 25. అంటే రెండు రూపాయల వడ్డీ దాటింది. నలభై ఒకటో వారానికి మిగిలింది పది కుర్చీలు, 2,000 రూపాయలు. ఇప్పుడు ఆమె కడుతున్నది అయిదు రూపాయల పైచిలుకు వడ్డీ, ఊళ్లో వడ్డీ వ్యాపారి రేటు కంటే ఎక్కువ. ఆఖరి వారం ఒకే ఒక కుర్చీ ఉంది. 200 రూపాయల మీద 25 రూపాయలు, అంటే ఒక్క వారానికే నూటికి పన్నెండున్నర రూపాయలు. కార్డు మొదట్లో ఏడాదికని చెప్పిన వడ్డీ, కార్డు చివర్లో వారానికి పడుతోంది.

50 వారాల సగటు తీస్తే ఆమె ఇంట్లో ఉన్న కుర్చీలు ఇరవై అయిదున్నర. ఆ లెక్కన నిజమైన వడ్డీ ఏడాదికి దాదాపు 24.5 శాతం అవుతుంది, అంటే రెండు రూపాయల పైచిలుకు. ఇందులో మోసపు లెక్క ఏమీ లేదని, మొత్తం 11,250 కట్టాలని ముందే చెప్పామని కంపెనీవాళ్లు అంటారు, అది నిజం కూడా. చెప్పనిది పోలిక. షావుకారు దగ్గర రెండు రూపాయల వడ్డీకి 10,000 తెచ్చుకుంటే ఆ డబ్బు ఏడాది పొడవునా మీ దగ్గరే ఉంటుంది. 50 వారాలకు దాదాపు 2,300 వడ్డీ అవుతుంది. ఇక్కడ 1,250 మాత్రమే అయింది కాబట్టి చౌక అనిపిస్తుంది, కానీ ఇక్కడ సగటున మీ చేతిలో ఉన్నది కూడా సగం డబ్బే. సగం డబ్బుకు సగం వడ్డీ కట్టి తక్కువ రేటుకు దొరికిందని సంతోషిస్తున్నాం.

ఇంకొక చిన్న సంగతి కూడా ఉంది. అప్పు ఇచ్చే రోజునే ప్రాసెసింగ్ ఫీజు, బీమా అని 200 రూపాయలు కోసుకుని 9,800 చేతిలో పెట్టారనుకోండి. 200 ఏమంత పెద్ద మొత్తం అనిపిస్తుంది. టెంట్ హౌస్ యజమాని 49 కుర్చీలే పంపి, పుస్తకంలో 50 అని రాసుకున్నాడన్న మాట. ఆ ఒక్క కుర్చీ వల్ల నిజమైన వడ్డీ 24.5 నుంచి దాదాపు 29 శాతానికి చేరుతుంది. ఈరోజు ఫోన్లో ఏడు రోజులకో పద్నాలుగు రోజులకో అప్పు ఇచ్చే యాప్‌లు బతికేది ఈ ముందు కోత మీదే; గడువు ఎంత తక్కువైతే ఈ కోత అంత లోతుగా దిగుతుంది.

వడ్డీ ఒక్కటే విషయం అయితే నేను ఈ వీడియో చేసేవాణ్ణి కాదు. ఊరూరా తిరిగి 225 రూపాయల చొప్పున వసూలు చేయడానికి ఖర్చు ఉంటుంది, ఆ కంపెనీలు బ్యాంకుల నుంచి తెచ్చుకునే డబ్బుకూ వడ్డీ ఉంటుంది. రెండు రూపాయల వడ్డీ అన్యాయమని నేను అనను. రెండు రూపాయలను రూపాయి అని చెప్పడం అన్యాయం. దానికంటే పెద్ద కష్టం మరొకటి ఉంది, అది తేదీ.

ఆ 10,000తో ఆమె గేదెను కొన్నదనుకుందాం, దరఖాస్తులో చాలామంది రాసేది అదే. పాల కేంద్రంలో బిల్లు పదిహేను రోజులకోసారి వస్తుంది, కంతు మాత్రం వారానికోసారి వస్తుంది. అప్పు తీసుకున్న మరుసటి వారమే మొదటి కంతు కట్టాలి. ఆ కంతు పాల డబ్బులోంచి రాదు, అప్పు తెచ్చిన డబ్బులోంచే వెళుతుంది. గేదె వట్టిపోయిన నెలల్లో పాల బిల్లు ఉండదు, కంతు ఉంటుంది. వ్యవసాయ కూలీకి నాట్ల రోజుల్లో పని ఉంటుంది, కోతల రోజుల్లో పని ఉంటుంది, మధ్యలో వారాల తరబడి ఉండదు; కార్డులోని 50 గళ్లలో మాత్రం ఖాళీ గడి ఒక్కటి కూడా ఉండదు. ఇంటి సంపాదన వచ్చే తీరుకూ అప్పు తీర్చే తీరుకూ పొంతన లేనప్పుడు ఆ మధ్య సందును పూడ్చడానికి ఆమెకు దొరికేది మరో అప్పే. ఒక టెంట్ హౌస్‌కు వాపసు ఇవ్వాల్సిన కుర్చీని ఇంకో టెంట్ హౌస్ నుంచి తెచ్చి ఇస్తుంది. రెండో దానికి ఇవ్వడానికి మూడో దాని దగ్గరికి వెళుతుంది.

2010 నాటికి జరిగింది ఇదే. ఒకే వీధిలో మూడు నాలుగు కంపెనీలు పోటీపడి అప్పులు ఇచ్చాయి, ఒకరిచ్చింది ఇంకొకరు చూడలేదు. మూడు కార్డులుంటే వారానికి 675 రూపాయలు. ఆ ఏడాది ఉపాధి హామీ పథకంలో రోజు కూలి 100 రూపాయలు. ఒక్క రోజు మానకుండా వారమంతా పనికి వెళ్లినా ఆ కూలి కంతులకే సరిపోతుంది.

గ్యారంటీ సంగతి కూడా చెప్పాలి. అయిదుగురు మహిళల గ్రూపులో ఒకరు కట్టకపోతే మిగిలిన నలుగురూ కట్టాలి. బంగ్లాదేశ్‌లో ముహమ్మద్ యూనస్ 1976లో జోబ్రా గ్రామంలో మొదలుపెట్టిన ప్రయోగం నుంచి ఎదిగిన పద్ధతి ఇది. తాకట్టు పెట్టడానికి ఏమీ లేని మనిషికి పొరుగువారి నమ్మకమే పూచీ అన్నది దాని మూలంలో ఉన్న మంచి ఆలోచన. కానీ ఆ నమ్మకాన్ని వసూలు సాధనంగా మార్చినప్పుడు, కంతు మొత్తం జమ అయ్యేదాకా మీటింగ్ నుంచి ఎవరూ లేవకూడదన్నప్పుడు, కంపెనీ మనిషి గొంతు పెంచాల్సిన పని కూడా లేదు. పొయ్యి మీద అన్నం పెట్టి వచ్చిన నలుగురు ఆడవాళ్లు అయిదో ఆమె వంక చూస్తారు. రేపు బోరింగు దగ్గర ఆమె చూడాల్సిన ముఖాలు అవే. ఊరొదిలి వెళ్లిపోయినవాళ్లు, ప్రాణాలు తీసుకున్నవాళ్లు అప్పు మొత్తానికి మాత్రమే భయపడ్డారని అనుకుంటే పొరపాటు, ఆ చూపు కూడా భరించలేనిదే.

ఇక్కడ మరో అపోహను కూడా పక్కకు పెట్టాలి. ద్వాక్రా, మైక్రోఫైనాన్స్ ఒకటే అని చాలామంది కలిపేస్తారు. ద్వాక్రా గ్రామీణ మహిళలను సంఘాలుగా చేర్చడానికి 1982లో మొదలైన ప్రభుత్వ పథకం. 1992లో నాబార్డ్ (వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి జాతీయ బ్యాంకు) పొదుపు సంఘాలను బ్యాంకులతో కలిపే ప్రయోగం ప్రారంభించింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత మిగిలిన కూలి డబ్బులు పొదుపుగా మారి, ఆ సంఘాలు రాష్ట్రమంతా విస్తరించాయి. ఆ సంఘంలో ముందు పొదుపు ఉంటుంది, తర్వాతే అప్పు. లోపల ఇచ్చుకున్న అప్పు మీద వడ్డీ సంఘం ఖాతాకే తిరిగి వస్తుంది, అంటే టెంట్ హౌస్ పదిమంది మహిళలదే. పంట డబ్బు రావడం ఆలస్యమైతే వచ్చే నెల కట్టమని తీర్మానం రాసుకునే వీలుంది. బ్యాంకు అప్పు మీద 2004లో పావలా వడ్డీ పథకం వచ్చింది, అంటే ఏడాదికి 3 శాతం. 2012 నుంచి సకాలంలో కట్టినవారికి వడ్డీ లేని రుణాలు అమలయ్యాయి. లోపాలు వీటికీ ఉన్నాయి. బ్యాంకు మంజూరు ఆలస్యమవుతుంది, ఇచ్చేది చాలదు, ఆ ఖాళీలోకే కంపెనీలు వచ్చాయి. తయారుగా ఉన్న సంఘాలు, సంతకం పెట్టడం, మీటింగుకు రావడం నేర్చుకున్న మహిళలు వాటికి కష్టపడకుండా దొరికారు. ఇక్కడ ఈ వ్యాపారం అంత వేగంగా పెరగడానికి పునాది ఆ పొదుపు ఉద్యమం వేసింది.

సమయం తక్కువగా ఉంది, మిగిలిన ఘట్టాలు వరుసగా చెబుతాను. 2006లోనే కృష్ణా జిల్లాలో ఫిర్యాదులు వచ్చి కలెక్టర్ దాదాపు 50 శాఖలను మూయించారు, అది తొలి హెచ్చరిక. 2010 ఆగస్టులో ఈ కంపెనీల్లో ఒకటైన ఎస్‌కెఎస్ మైక్రోఫైనాన్స్ షేరు 985 రూపాయల ధరకు స్టాక్ మార్కెట్‌లోకి వచ్చి 1,600 కోట్లకు పైగా సమీకరించింది. అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది, డిసెంబరులో అది చట్టమైంది: వారం కంతులు కుదరవు, నెలకోసారే వసూలు చేయాలి, ఇళ్ల ముందుకు కాకుండా పంచాయతీ కార్యాలయం వద్దనే వసూలు జరగాలి, వడ్డీ మొత్తం అసలును మించకూడదు. వసూళ్లు ఒక్కసారిగా కూలిపోయాయి, కంపెనీలకు బ్యాంకులు డబ్బివ్వడం ఆపాయి, క్రమంగా కడుతున్న మహిళలకు కూడా కొత్త అప్పు పుట్టలేదు. నా దృష్టిలో చట్టం ఉద్దేశం సరైనదే, కానీ దాని తర్వాత ఆ మహిళలకు అప్పు ఎక్కడ దొరుకుతుందన్న ప్రశ్నకు అందులో జవాబు లేదు. చాలామంది తిరిగి షావుకారు గడపే ఎక్కారు.

ఈ సంక్షోభాన్ని పరిశీలించడానికి వేసిన మాలెగాం కమిటీ నివేదిక తర్వాత రిజర్వ్ బ్యాంక్ 2011లో వడ్డీకి 26 శాతం పరిమితి పెట్టింది, అదీ తగ్గే బకాయి మీద లెక్కించాలి, అంటే ఉన్న కుర్చీలకే అద్దె. వారం, పక్షం, నెల అన్న కంతు గడువును ఎంచుకునే హక్కు అప్పు తీసుకున్నవారిది అని చెప్పింది. 2022లో ఆ పరిమితిని తీసేసి, ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబం మొత్తం కంతులు నెల ఆదాయంలో సగాన్ని మించకూడదన్న నియమం తెచ్చింది. 2023లో తెలంగాణ హైకోర్టు, రిజర్వ్ బ్యాంక్ నియంత్రణలో ఉన్న కంపెనీలకు ఆ 2010 చట్టం వర్తించదని తీర్పు ఇచ్చింది, తర్వాత కంపెనీలు మళ్లీ మన పల్లెలకు వస్తున్నాయి.

ఇక 2024 అక్టోబరు నుంచి, బ్యాంకులు, రిజర్వ్ బ్యాంక్ నియంత్రణలోని కంపెనీలు ఎంత చిన్న అప్పు ఇచ్చినా, తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఒక ముఖ్యాంశాల పత్రం ఇవ్వాలి. ఫీజులు, బీమా అన్నీ కలిపిన వార్షిక రేటు అందులో రాయాలి, అందులో రాయని ఛార్జీని మీ అంగీకారం లేకుండా వసూలు చేయకూడదు. మొదట చూపించిన కార్డును ఆ పత్రంలోకి ఎక్కిస్తే, 200 కోత లేకుండా దాదాపు 24.5 అని, కోతతో దాదాపు 29 అని రాయాలి. పన్నెండున్నర అన్న అంకె అందులో ఎక్కడా కనిపించదు. మీ ఇంట్లో, మీ వీధిలో ఎవరి దగ్గరైనా కంతుల కార్డు ఉంటే అసలు, కంతు, ఎన్ని వారాలు అన్న మూడు అంకెలు కింద రాయండి, పేర్లు రాయవద్దు. నిజమైన వడ్డీ ఎంతో లెక్కగట్టి జవాబు ఇస్తాను.