చీటీ మీద రెండో అంకె

నిర్వాహకురాలు: నమస్కారం. నెలలు నిండకుండా పుట్టిన కవలల్లో ఒకరిని పోగొట్టుకుని, మరొకరిని పెంచుకుంటున్న దంపతులు ఈ రోజు మనతో మాట్లాడడానికి అంగీకరించారు. పేర్లు, ఊరు, ఆసుపత్రి చెప్పవద్దని కోరారు కనుక వారిని అమ్మగారు, నాన్నగారు అనే పిలుస్తాను. అమ్మగారూ, ఎక్కడి నుంచి మొదలుపెడదాం?

తల్లి: చీటీ దగ్గర నుంచి మొదలుపెడతానండి. నాకు 27వ వారంలోనే నొప్పులు వచ్చాయి. పాప 810 గ్రాములు, బాబు 940 గ్రాములు. ఇంకా పేర్లు పెట్టలేదు కాబట్టి ఇంక్యుబేటర్ల మీద నా పేరే రాసి, పాపకు ‘ట్విన్ 1’ అని, బాబుకు ‘ట్విన్ 2’ అని చీటీలు అంటించారు. తొమ్మిదో రోజున పాప పోయింది. మర్నాడు ఒక సిస్టర్, చూసినప్పుడల్లా నా మనసు కలుక్కుమంటుందేమోనని, బాబు చీటీ తీసేసి అంకె లేకుండా కొత్తది రాస్తానన్నారు. నేను వద్దన్నాను. ఆ ‘2’ ఉన్నంతకాలం, దాన్ని చదివినవారికి ముందు ‘1’ ఉండేదని తెలుస్తుంది కదా అనిపించింది.

నిర్వాహకురాలు: నాన్నగారూ, ఆ రోజు గురించి చెప్పగలరా?

తండ్రి: అంత ముందుగా పుట్టిన పిల్లల మెదడులో రక్తనాళాలు చాలా పలచగా ఉంటాయని, పాపకు అక్కడే రక్తస్రావం జరిగిందని డాక్టరుగారు చెప్పారు. మాలో పసిపిల్లలను దహనం చేయరు, పూడ్చిపెడతారు. తల్లి రాకూడదని పెద్దలు అన్నారు. నేను ఎదురు చెప్పలేదు, ఈ రోజైతే చెప్పేవాణ్ణి. నేనూ మా బావమరిదీ తువ్వాలులో చుట్టి తీసుకువెళ్ళాము. తిరిగి వచ్చి స్నానం చేసి, గంట తిరగకముందే మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని బాబు దగ్గర నిలబడ్డాను. అదే రోజు, అవే చేతులు.

తల్లి: నేను మూడు గంటలకొకసారి పాలు తీసి పంపేదాన్ని. ఆ రాత్రి అలవాటుకొద్దీ రెండు సీసాలు కడిగి పెట్టాను. పాలు కూడా ఇద్దరికి సరిపడానే వచ్చాయి.

నిర్వాహకురాలు: దుఃఖపడడానికి మీకు వ్యవధి దొరికిందా?

తండ్రి: లేదండి. 28 వారాలకు ముందే పుట్టిన పిల్లలకు రెండు, మూడు వారాల వయసులోనే కంటి పరీక్ష చేయాలట. కంటి లోపలి పొరలో రక్తనాళాలు అడ్డదిడ్డంగా పెరుగుతున్నాయేమో అప్పుడే చూడకపోతే చూపు పోయే ప్రమాదం ఉంది. ఆ తర్వాత తల స్కాను, ఊపిరి తీసుకోవడం మరిచిపోతే మోగే అలారం, రోజుకు పది గ్రాములు పెరిగాడా లేదా అన్న లెక్క. ఇంకోవైపు జనన, మరణాలు రెండింటినీ 21 రోజుల్లోగా నమోదు చేయించాలి. పురపాలక కార్యాలయంలో ఒకే వరుసలో నిలబడి మూడు దరఖాస్తులు ఇచ్చాను: రెండు జననాలు, ఒక మరణం. కిటికీ అవతలి గుమస్తా వాటిని రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు.

తల్లి: వాణ్ణి గుండెల మీద పెట్టుకుని కంగారూ పద్ధతిలో గంటల తరబడి కూర్చునేటప్పుడు, నేను ఏడిస్తే ఛాతీ కదులుతుందని, వాడి ఊపిరి లయ తప్పుతుందని భయపడేదాన్ని. అందుచేత ఏడవలేదు. 71వ రోజున ఇంటికి వచ్చాము. బాబు నాలుగు కిలోలు దాటి, ఇక గట్టెక్కాడని అందరూ ఊపిరి పీల్చుకున్న నెలలో నాకు అన్నం సహించడం మానేసింది. అప్పటికి చుట్టాలు పరామర్శలు ముగించుకుని వెళ్ళిపోయారు; ఇప్పుడెందుకు ఏడుస్తున్నావని అడిగినవారే ఎక్కువ.

నిర్వాహకురాలు: ‘ఒక్కడైనా దక్కాడు కదా’ అన్న మాట విన్నారా?

తల్లి: విననిది ఎప్పుడని అడగండి. అది అబద్ధం కాదండి, నేనూ దేవుడికి రోజూ అదే చెప్పుకునేదాన్ని. కానీ ఎదుటివారు అన్నప్పుడు, ఇక పాప మాట ఎత్తవద్దని అర్థమయ్యేది. మా అత్తగారు మాత్రం ఆ మాట అనలేదు. పాప ముక్కు ఎవరిదని ఒకసారి అడిగారు. అంతకన్నా మంచి పరామర్శ నాకు ఎవరూ చేయలేదు.

నిర్వాహకురాలు: ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. 2016లో ఇంగ్లండులో, కవలల్లో ఒక పాపను పోగొట్టుకున్న తల్లితో, ఆ వార్డులోనే ఉన్న మరొక తల్లి, విషయం తెలియక, ‘మీకు కవలలు లేకపోవడం అదృష్టం’ అన్నదట. ఆ గాయం నుంచే, కవలల్లో ఒకరు దక్కలేదని చూసినవారికి తెలిసేలా, మిగిలిన బిడ్డ తొట్టె మీద ఊదారంగు సీతాకోకచిలుక బొమ్మ అంటించే ఆలోచన పుట్టి, అనేక ఆసుపత్రులకు పాకింది. మన వార్డుల్లో ఒక బొమ్మకు చోటు లేకపోదు.

తల్లి: నా ‘2’ అంకె అలాంటిదేనేమో.

నిర్వాహకురాలు: మీకు ఎంతమంది పిల్లలని అడిగితే ఏమంటారు?

తల్లి: బస్సులో అడిగినవారికి ఒక్కడే అంటాను. వారితో ఆ కథంతా ఎక్కడ చెప్పను? ఒక్కడే అన్న ప్రతిసారీ పాపకు ద్రోహం చేసినట్టు ఉంటుంది, అది వేరే మాట. ఈ మధ్య బాబును నర్సరీలో చేర్చాము. దరఖాస్తులో తోబుట్టువుల గడి దగ్గర నా కలం ఆగిపోయి, ఖాళీగా వదిలేశాను. ఈయన తీసుకుని ‘అక్క’ అని రాసి, ఏ తరగతి అన్నచోట గీత పెట్టారు.

నిర్వాహకురాలు: స్కూలువారు ఏమైనా అడిగారా?

తండ్రి: లేదండి. రసీదు ఇచ్చి, సోమవారం తొమ్మిదింటికి తీసుకురమ్మన్నారు.