ఏఏఎస్ గది తాళాలు డిగ్రీ పిల్లలకు ఇవ్వండి

సభకు నమస్కారం. విజయవాడ, గుంటూరు కాలేజీల నుంచి వచ్చిన అధ్యాపక మిత్రులకు, ముఖ్యంగా వెనక వరుసల్లో కూర్చున్న బీఎస్సీ పిల్లలకు నమస్కారం.

ఒక్క విషయం అడగడానికే వచ్చాను. లోహాలను కొలిచే ఏఏఎస్, పురుగుమందుల్లాంటి రసాయనాలను విడదీసి గుర్తుపట్టే జీసీ-ఎంఎస్ లాంటి ఖరీదైన పరికరాలు ఉన్న కాలేజీల్లో కూడా చాలాచోట్ల డిగ్రీ విద్యార్థి వాటిని దూరం నుంచి చూస్తాడు, రికార్డులో బొమ్మ గీస్తాడు, అంతటితో సరి. ఒడ్డున కూర్చోబెట్టి ఈత నేర్పినట్టు ఉంది మన పద్ధతి. లక్షలు పోసి కొన్నది పాడైతే ఎవరు జవాబు చెప్పాలన్న టెన్షన్ నాకు తెలుసు. అయినా పిల్లల చేతికి ఇవ్వాల్సిందే అంటాను.

ప్రకాశం బ్యారేజీ దగ్గర బయల్దేరిన ఏలూరు, రైవస్, బందరు కాలువలు మన ఊరి మధ్య నుంచే పారుతున్నాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు, ఇందులో ఏమేం కలిశాయోనని భయపడని ఇల్లు లేదు. ఆ భయానికి జవాబు వెతకగల పిల్లలు మన తరగతుల్లోనే కూర్చుని ఉన్నారు.

సీసం సంగతే తీసుకోండి. తాగునీటిలో అది లీటరుకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదని మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 చెబుతోంది. మంటతో పనిచేసే మామూలు ఫ్లేమ్ ఏఏఎస్ అంత తక్కువ మోతాదును నమ్మకంగా కొలవలేదు. తెర మీద సున్నా కనబడగానే విద్యార్థి "సీసం లేదు" అని రాసేస్తాడు. నిజానికి రాయాల్సింది "ఈ పరికరానికి అందేంత లేదు" అని. అంతకంటే కిందికి చూడాలంటే మంటకు బదులు గ్రాఫైట్ ఫర్నేస్ ఉన్న ఏఏఎస్ గానీ, ఇంకా సున్నితమైన ఐసీపీ-ఎంఎస్ అనే పరికరం గానీ కావాలి. ఈ తేడా పుస్తకంలో చదివితే పరీక్షదాకా గుర్తుంటుంది. తను తెచ్చిన నీళ్లతో తనే ఎదుర్కొంటే, రేపు ఎక్కడ ఉద్యోగం చేసినా ఏ రిపోర్టునూ గుడ్డిగా నమ్మడు.

నీళ్లు పట్టడం దగ్గరే సగం పని ఉంటుంది. సీసాను ముందురోజే పల్చటి నైట్రిక్ ఆమ్లంలో నానబెట్టాలి. గట్టు పక్కన నురుగు తేలే చోట కాకుండా పారే నీటిలో పట్టాలి. వెంటనే కొన్ని చుక్కల ఆమ్లం వేసి పీహెచ్‌ను 2 కంటే కిందికి దించాలి, లేదంటే సీసం సీసా గోడలకు అంటుకుపోతుంది. శుద్ధమైన నీళ్లున్న మరో సీసా కూడా వెంట తీసుకెళ్లి, గట్టు మీదే మూత తీసి, మళ్లీ బిగించి తేవాలి. అది బ్లాంక్. అందులోనూ సీసం కనబడితే, అది కాలువది కాదు, మన చేతులదో సీసాదో.

సీసాన్ని కొలిచి భూమి వయసు దాదాపు 455 కోట్ల సంవత్సరాలని 1956లో తేల్చిన అమెరికా శాస్త్రవేత్త క్లెయిర్ ప్యాటర్సన్‌ను ఏళ్ల తరబడి విసిగించింది ఈ బ్లాంకే. గాలి, గాజు సామాను, రసాయనాలు, దేన్ని పట్టుకున్నా సీసమే. దాన్ని వదిలించుకోవడానికి ఆయన ల్యాబునే కొత్త పద్ధతిలో కట్టించుకున్నారు. పెట్రోలులో కలిపే సీసం లోకమంతా పరుచుకుందని తర్వాత ఆయన చూపించగలిగింది ఆ పట్టుదల వల్లే. మన దేశమంతటా సీసం లేని పెట్రోలు వచ్చింది 2000లో. బ్లాంక్ ఎందుకు సార్ అని అడిగే పిల్లలకు నేను చెప్పే కథ ఇదే.

గుంటూరు పిల్లలకు మిర్చి ఉంది. పరీక్షకు ఇంత మొండి సరుకు మరొకటి అరుదు. పురుగుమందుతో పాటు రంగు, కారం, నూనె అన్నీ ద్రావకంలోకి దిగుతాయి. సరిగా శుభ్రం చేయకుండా జీసీ-ఎంఎస్‌లోకి ఎక్కిస్తే లోపలి గాజు గొట్టం, అదే లైనర్, మసిబారుతుంది, ఒక్కో రసాయనానికి గ్రాఫులో వచ్చే పీకులు కలగాపులగం అవుతాయి. అందుకని ముందు మందు కొట్టని మిర్చిలో తెలిసిన మోతాదు మందు కలిపి, ఎంత తిరిగొస్తుందో చూడమనండి. వంద పాళ్లు కలిపితే నలభయ్యే వచ్చాయా? మిగతా అరవై ఏ మెట్టు దగ్గర పోయాయో వెతకమనండి. డిగ్రీ స్థాయిలో అంతకు మించిన పరిశోధన నాకు అక్కర్లేదు.

ఖర్చు మాట వాస్తవమే. ఏఏఎస్‌కు ఎసిటిలీన్ సిలిండర్ కావాలి, ఒక్కో లోహానికి ఒక్కో ల్యాంప్ కావాలి. ప్రతి కాలేజీ అన్నీ కొననక్కర్లేదు. కేంద్ర ప్రభుత్వపు ఐ-స్టెమ్ పోర్టల్‌లో వేరే సంస్థల పరికరాలు బుక్ చేసుకోవచ్చు. మొదలుపెట్టడానికి నీళ్లు ఎంత కాంతిని పీల్చుకుంటాయో కొలిచే యూవీ స్పెక్ట్రోఫోటోమీటర్ చాలు. బోరు నీళ్లలో నైట్రేట్‌ను 220 నానోమీటర్ల కాంతి దగ్గర కొలిచి, సేంద్రియ పదార్థాల వాటా తీసేయడానికి 275 దగ్గర మళ్లీ చూడాలి. పరిమితి లీటరుకు 45 మిల్లీగ్రాములు. కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టుకు ఊళ్లకు వెళ్లే పిల్లలు సర్వే ఫారాలతో పాటు నాలుగు సీసాల నీళ్లూ తెస్తే సరిపోతుంది.

ప్రిన్సిపాళ్లకు ఒక విన్నపం. రెండు గంటల ప్రాక్టికల్‌లో తెలిసిన మోతాదు ద్రావణాలు, అంటే స్టాండర్డ్‌లు, కలుపుకుని వాటితో పోల్చడానికి క్యాలిబ్రేషన్ గీత గీసేసరికే బెల్లు కొడుతుంది. వారానికి ఒక పూట మొత్తం ఇవ్వండి. బుడమేరు, బందరు కాలువల నీళ్లు వానలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి తీద్దామని నా ఆలోచన. చేయి కలపదలిచిన కాలేజీల వాళ్లు సభ అవగానే ఉండండి, ఎవరు ఏ వంతెన దగ్గర పట్టాలో ఇవాళే పంచుకుందాం.