చెమ్మెక్కిన గోడకు రంగు పూయకండి, నీటి దారి మూయండి

నమస్కారం. పోయిన వీడియోలో చెప్పిన మాటనే ఈరోజు మరింత గట్టిగా చెబుతున్నాను: నేల నుంచి చెమ్మెక్కిన గోడకు ఇంటి లోపలి వైపు వాటర్‌ప్రూఫ్ పెయింటు వేస్తే చెమ్మ తగ్గదు, ఇంకా పైకి ఎక్కుతుంది. ఈ మాటకు పెయింటింగ్ పని చేసే సోదరులు కొందరు నొచ్చుకున్నారు. తమ పొట్ట కొడుతున్నానని అన్నారు. ‘మా గోడ రెండేళ్లుగా బాగానే ఉంది, మీరు అనవసరంగా భయపెడుతున్నారు’ అని ఇంటి యజమానులు కొందరు రాశారు. ఇద్దరికీ ఒకటే జవాబు చెబుతాను. రెండేళ్లు బాగున్నది పెయింటు పొర మాత్రమే, గోడ కాదు. ఆ పొర వెనుక ఏం జరుగుతోందో ఈరోజు పూర్తిగా వివరిస్తాను.

ఇటుకలోనూ సిమెంటు పూతలోనూ కంటికి కనిపించనంత సన్నటి రంధ్రాలు ఉంటాయి, దీపపు వత్తి నూనెను పీల్చినట్టు అవి నేలలోని నీటిని పైకి పీలుస్తాయి. పైకి వచ్చిన నీరు గోడ ముఖం నుంచి ఆవిరైపోతుంటుంది. కింద నుంచి ఎక్కే నీరు, పైన ఆవిరయ్యే నీరు సమానమైన చోట చెమ్మ ఆగుతుంది, అందుకే సాధారణంగా నేల నుంచి మూడడుగుల లోపే మరక కనిపిస్తుంది. ఇప్పుడు మీరు ఆ మూడడుగుల మీద లప్పం పెట్టి, ప్రైమర్ కొట్టి, ప్లాస్టిక్ లాంటి పొరతో మూసేశారు. ఆవిరయ్యే దారి పోయింది, ఎక్కే దారి మాత్రం అలాగే ఉంది. నీరు ఎక్కడికి పోతుంది? మూసిన భాగాన్ని దాటి, తెరిచి ఉన్న చోటు దొరికే దాకా పైకే పోతుంది. హాల్లో గోడ పాడైందని నాలుగడుగుల ఎత్తు దాకా టైల్స్ అతికించిన ఇళ్లు మన ఊళ్లలో ఎన్నో ఉన్నాయి. ఆ టైల్స్ పై అంచుకు సరిగ్గా పైన కొత్త మరక తేలి ఉండటాన్ని మీరే చాలా ఇళ్లలో చూసి ఉంటారు. టైల్ నాణ్యతను తిట్టడం వల్ల ప్రయోజనం లేదు, ఎందుకంటే మనమే దారి మూసి నీటిని పైకి పంపించాం.

నీటికంటే పెద్ద శత్రువు ఆ నీటిలో కరిగి వచ్చే ఉప్పు. నేలలోనివి, ఇటుకలోనివి, కట్టుబడికి వాడిన బోరు నీటిలోనివి అయిన లవణాలు నీటితో పాటు గోడ ముఖానికి వస్తాయి, నీరు ఆవిరైతే అక్కడే గడ్డకట్టి స్ఫటికాలవుతాయి. స్ఫటికం పెరిగేటప్పుడు పూతను లోపలి నుంచి నెడుతుంది, అందుకే రంగు ముందు బుడగలు కట్టి, తర్వాత పొరలుగా లేచి, చివరికి ప్లాస్టర్ పిండిలా రాలుతుంది. ఆ తెల్లటి పొడిని తడిగుడ్డతో తుడవడమే మనవాళ్లలో ఎక్కువ మంది చేసే పని. తడి తగలగానే ఉప్పు కరిగి మళ్లీ గోడలోకే ఇంకుతుంది. గట్టి బ్రష్షుతో పొడిగా దులిపి, రాలిన పొడిని అక్కడే వదలకుండా ఎత్తి బయట పారేయాలి. ఇందుకు ఖర్చేమీ లేదు, ముక్కుకు గుడ్డ కట్టుకుంటే చాలు, ఎవరికి వారే చేసుకోగల పని ఇది. సముద్ర తీరపు ఊళ్లలో, భూగర్భ జలం ఉప్పుగా ఉన్న డెల్టా గ్రామాల్లో ఉండేవాళ్లు దీన్ని మరీ శ్రద్ధగా చేయాలి. కాంక్రీటు కలిపే నీటిలో, ఉప్పులో ఉండే క్లోరైడు ఎంత ఉండవచ్చో మన భారతీయ ప్రమాణం ఐఎస్ 456 స్పష్టంగా చెప్పింది, ఉక్కు కడ్డీలున్న కాంక్రీటుకైతే లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. ఇల్లు కట్టేటప్పుడు బోరు నీటిని పరీక్ష చేయించిన యజమాని ఎవరైనా ఉంటే ఆయనకు నా నమస్కారం.

ఇక నా అసలు వాదనకు వస్తాను, దీనికి ఎంతమంది అభ్యంతరం చెప్పినా నేను మార్చుకోను. కింద నుంచి ఎక్కే చెమ్మకు మేస్త్రీని, సిమెంటు కంపెనీని నిందించే ముందు, ఇంటి చుట్టూ నేల ఎంత పెరిగిందో కొలవండి. పునాది గోడ మీద డీపీసీ అనే చెమ్మ నిరోధక పొరను బయటి నేల కంటే కనీసం 15 సెంటీమీటర్లు పైన ఉండేలా వేస్తారు. ఇల్లు కట్టిన రోజున అది పైనే ఉండి ఉంటుంది. తర్వాత ఏమైంది? వాకిలి బురదగా ఉందని యజమాని ఒక పొర సిమెంటు పోయించాడు, కొన్నాళ్లకు దాని మీద పార్కింగ్ టైల్స్ పరిపించాడు, గోడకు ఆనించి పూలమొక్కల కోసం మట్టి పోయించాడు. బయట పురపాలక సంఘం పాత రోడ్డును తవ్వకుండా దాని మీదే కొత్త రోడ్డు, మళ్లీ దాని మీద ఇంకో రోడ్డు వేసింది. మూడు మెట్లెక్కి లోపలికి వెళ్లిన ఇంటికి ఇప్పుడు ఒక మెట్టు దిగి వెళ్తున్న వీధులు హైదరాబాద్ పాత కాలనీల్లోనూ, విజయవాడలోనూ, చిన్న మున్సిపాలిటీల్లోనూ కనిపిస్తాయి. డీపీసీ మట్టిలో కూరుకుపోయాక అది ఎవరిని కాపాడుతుంది? పాత పొరను గీకి తీశాకే కొత్త పొర వేయాలని తమిళనాడులో 2021లో ఉత్తర్వులు ఇచ్చారు, మన దగ్గర కూడా ప్రతి కాలనీ సంఘం రోడ్డు పని మొదలయ్యే రోజే నిలబడి ఈ మాట అడగాలి. రోడ్డు పడ్డాక అడిగితే వినేవాళ్లు ఉండరు. ఇంటి వైపు పని మాత్రం మన చేతిలోనే ఉంది. గోడకు ఆనుకున్న మట్టిని డీపీసీ కిందికి దిగేదాకా తవ్వి తీసేయాలి, గోడ చుట్టూ అడుగున్నర వెడల్పున నీరు బయటికి జారేలా వాటం పెట్టాలి. గడ్డపార, పార, రెండు సెలవు రోజులు ఉంటే చాలు. పెయింటు డబ్బాకు పోసే డబ్బులో పిసరంత కూడా దీనికి కాదు.

మరక నేల దగ్గర కాకుండా పైకప్పు మూలలో ఉంటే వేరే కథ. అప్పుడు మీరు చూడాల్సింది పిట్టగోడ, స్లాబు కలిసే మూల. ఆ మూలలో మేస్త్రీలు గుండ్రంగా వేసే సిమెంటు కట్టు ఎండకు బీటలు వారుతుంది. ఆ బీటలో రావి మొక్క మొలిస్తే పైకి కనిపించే కాడను తుంచి ఊరుకోకండి, వేరు లోపలే బలిసి బీటను పెద్దది చేస్తుంది. డాబా తూములో ఆకులు పేరుకున్నాయేమో, ఓవర్‌హెడ్ ట్యాంకు పొంగిన నీరు రోజూ స్లాబు మీదే పడుతోందేమో చూడండి. మోటారు ఆపడం మరచిపోతున్నందువల్ల ఏడాది పొడవునా కురిసే ఇళ్లున్నాయి, ఆ ఇళ్లవాళ్లు మాత్రం వానను తిడుతుంటారు. అనుమానం తీరాలంటే తూముకు గుడ్డ కుక్కి, డాబా మీద రెండంగుళాల నీరు ఒక రోజంతా నిలిపి కింద చూడాలి. ఒక హెచ్చరిక కూడా వినండి. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద రెండంగుళాల నీరంటే దాదాపు 4,700 కిలోల బరువు. స్లాబు అడుగున పెచ్చులూడి తుప్పు పట్టిన ఊచలు బయటికి కనిపిస్తున్న పాత ఇంట్లో ఈ పరీక్ష చేయకండి. తుప్పు, అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమించి కాంక్రీటును పగలగొడుతుంది. దాన్ని లప్పంతో కప్పి రంగు వేయడం ఆ ఇంట్లో నిద్రపోయే పిల్లలకు చేసే ద్రోహం. అక్కడ సొంత వైద్యం వద్దు, స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవండి.

మరక గోడ మధ్యలో ఉంటే అవతల బాత్‌రూమ్ ఉందా, లోపల పైపు పోతోందా అని చూడండి. రాత్రి కుళాయిలన్నీ కట్టేసి, మోటారు వేయకుండా, ట్యాంకులో నీటి మట్టం దగ్గర గీత గీయండి. పొద్దున్నే మట్టం దిగి ఉంటే పైపు కారుతున్నట్టే. మట్టం దిగకపోతే బాత్‌రూమ్ నీరు పోయే రంధ్రాన్ని మూసి, రంగు కలిపిన నీరు నిలిపి, కింది గదిలో ఆ రంగు తేలుతుందేమో చూడండి. అసలు ఆ తడి గోడలోదా, గదిలోని గాలిదా అన్న సందేహం ఉంటే రెండడుగుల ప్లాస్టిక్ షీటు గోడకు అతికించి నాలుగు వైపులా టేపు వేసి రెండు రోజులు వదిలేయండి. షీటుకు గోడ వైపు తడి పడితే నీరు గోడలోంచి వస్తోంది, గది వైపు తడి పడితే గాలిలోని ఆవిరి చల్లటి గోడ మీద నీరవుతోంది. రెండోదైతే కిటికీ తెరవడం, బట్టలు గదిలో ఆరబెట్టకపోవడమే మందు. ఈ పరీక్షలలో ఒక్కటీ చేయకుండా గోడను చూడగానే చదరపు అడుగుకు ఇంత అని రేటు చెప్పే మనిషి ఎవరైనా సరే, అతనికి పని అప్పగించకండి. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఏళ్ల గ్యారంటీ ఉంటుంది, దాని షరతులు ఒకసారి చదవండి, కింద నుంచి ఎక్కే చెమ్మకూ నిర్మాణ లోపాలకూ మినహాయింపులు చాలావాటిలో ఉంటాయి.

చెమ్మ గోడలో స్విచ్‌బోర్డు ఉంటే బ్రష్షు, ఉలి పట్టుకునే ముందు మెయిన్ ఆపండి. ముట్టుకుంటే షాక్ కొట్టినట్టు జిల్లుమంటున్న గోడను తేలిగ్గా తీసుకోకుండా ఆ రోజే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

నీటి దారి మూశాక మనవాళ్లు మళ్లీ తొందరపడతారు. తడి గోడ అంగుళం మందానికి దాదాపు నెల చొప్పున ఆరుతుందని కట్టుబడి పనివాళ్ల లెక్క, అంటే తొమ్మిదంగుళాల గోడకు ఒక వేసవి పూర్తిగా సరిపోదు. పాడైన ప్లాస్టర్‌ను మరక అంచు దాటి ఒక అడుగు పైదాకా చెక్కేసి, ఇటుకను గాలికి వదిలేయండి. పండక్కి చుట్టాలొస్తున్నారని మధ్యలో లప్పం పెట్టించకండి. ఆరిన తర్వాత ఆ భాగానికి సున్నం పూతే మేలని నేను మళ్లీ మళ్లీ చెబుతాను. మన తాతలు గానుగ సున్నంలో కరక్కాయ నీళ్లు, బెల్లం కలిపి పూసిన మిద్దెలు గాలి పీల్చేవి, లోపలికి చేరిన తడిని బయటికి వదిలేవి. 1591లో కట్టిన చార్మినార్‌కు పురావస్తు శాఖ ఈనాటికీ సున్నంతోనే మరమ్మతు చేస్తోంది, అది పాతదనం మీద మోజుతో చేసే పని కాదు. గానుగ సున్నం దొరకని చోట గాలి ఆడనిచ్చే మామూలు సున్నం వెల్ల వేసుకోండి, మెరుపు లేకపోయినా గోడ బతుకుతుంది.

మీ ఇంటి గోడ ఫొటో కామెంట్లలో పంపేటప్పుడు మూడు సంగతులు తప్పకుండా రాయండి: మరక నేల నుంచి ఎంత ఎత్తులో ఉంది, గోడకు అవతల ఏముంది, బయటి నేల లోపలి గచ్చు కంటే ఎంత కిందికి ఉంది. ఈ మూడూ రాసిన ప్రతి ఒక్కరికీ వచ్చే వీడియోలో జవాబు చెబుతాను.